ఎనిమిది కన్నా చిన్న పన్నెండు

కళ్లద్దాల షాపు, వెనక గది
మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ

అక్కా,

నువ్వడిగిన ప్రోగ్రాం అయిపోయింది! ఈ కవర్లో గుండీ అంత పెన్‌డ్రైవ్ ఉంటుంది, చూసుకోకుండా కవరుతో పాటు చించి పారేసేవు. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోన్‌లో నేను ఒక మాట మొదలుపెట్టేలోపు నువ్వు నాలుగంటావు. హాస్టల్ రోజుల నుంచీ నేను నీతో పూర్తిగా మాట్లాడింది ఉత్తరాల్లోనే.

కంప్యూటర్ కోర్సులో చేరి ఇంకా ఆరు వారాలే. పొద్దంతా ఇక్కడ అద్దాలు అరగదీయడం, సాయంత్రం ఆరింటికి క్లాసు. పైథాన్ అని మాస్టారు బోర్డు మీద రాసిన మొదటిరోజు నేను వెనక బెంచీలో పాము బొమ్మ గీసుకుంటూ కూర్చున్నాను. ఆ నేనే ఇవాళ నీ టీకాల ఫ్రిజ్‌కి కాపలాదారుణ్ని తయారుచేశాను.

వాడడం చాలా తేలిక. థర్మామీటరు చూసి అంకె కొట్టి ఎంటర్ నొక్కాలి. ఎనిమిది డిగ్రీలు దాటితే తెర ఎర్రబడి కీచుమని అరుస్తుంది. దాటకపోతే పచ్చగా ‘బాగుంది’ అంటుంది. కొట్టిన అంకెనీ టైమునీ దాచుకుంటుంది. మరీ చల్లబడితే ఏం చెప్పాలని అడిగితే, మా ఫ్రిజ్‌కి అంత ప్రతాపం లేదులే అన్నావు కాబట్టి అది రాయలేదు.

మధ్యలో ఒకచోట ఇరుక్కుపోయాను. కొట్టిన అంకెని ఎనిమిదితో పోల్చమంటే, ఈ రెండింటినీ పోల్చలేనని ఎర్ర అక్షరాల్లో సణిగింది. గంటసేపు కుస్తీ పట్టాను. ఆఖరికి ఆ ఎనిమిదికి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టాను, అంతే, నోరు మూసుకుంది! ఎందుకు మూసుకుందో నాకూ తెలీదు. మాస్టారిని అడుగుదామంటే ముందు బెంచీల వాళ్లు నవ్వుతారు. ఐదు కొట్టి చూశాను, బాగుందంది. ఏడూ బాగుందంది. తొమ్మిది కొడితే అరిచిన అరుపుకి పక్కవాటా వాళ్లు వచ్చి తలుపు కొట్టారు.

ఎలా ఉందో రాయి. పొగడ్తలు కాస్త ఎక్కువైనా నేనేమీ అనుకోను.

నీ పిట్ట


మందుల స్టోరు, ఆరోగ్య కేంద్రం
శనివారం

పిట్టా,

పొగడ్తలు కావాలన్నావుగా, తీసుకో. మా కేంద్రం మొత్తానికి నువ్వే ఇప్పుడు ఇంజనీరువి. మా తాళాలాయన అయితే నిన్ను చూడకుండానే నీ భక్తుడైపోయాడు.

తాళాలాయనంటే మా అటెండరు. నడుముకి పదహారు తాళాలతో ఇరవై రెండేళ్లుగా ఈ స్టోరు తెరిచి మూసే మనిషి. ఫ్రిజ్ దగ్గర లెక్క రాసేది ఆయనే. సెలవురోజు కూడా రెండుపూటలా వచ్చి చూసి పోతాడు. మొదటిరోజు ఒక్కవేలితో అంకె కొట్టి, తెర పచ్చగా వెలగ్గానే నావైపు తిరిగి, “అమ్మా, బాగుందంటోంది!” అన్నాడు, పరీక్షలో పాసైనవాడిలా. మా చెల్లెలు రాసిందని చెబితే, “చదువుకున్న పిల్ల, ఆ తెలివే వేరు” అన్నాడు.

కాగితం రిజిస్టరు ఎత్తేశాను. రెండుచోట్ల రాయడమెందుకని.

నీ అక్క


మందుల స్టోరు
బుధవారం

పిట్టా,

నెలన్నరకి రాస్తున్నాను, అదీ ఇలాంటి విషయం.

కిందటి వారం వరసగా రెండ్రోజులు సెలవు. ఆ రెండ్రోజుల్లో ఫ్రిజ్ పాడైంది. శనివారం సాయంత్రం ఆరున్నర డిగ్రీలున్నది, ఆదివారం పొద్దునకి పదకొండు, సాయంత్రానికి పన్నెండున్నర, సోమవారం పొద్దున పన్నెండు. ఈ అంకెలన్నీ నీ ప్రోగ్రాంలో ఉన్నాయి, తాళాలాయన కొట్టినవే. కానీ ఎవరికీ ఏమీ తెలియలేదు. సోమవారం టీకాల రోజు. ఆ ఫ్రిజ్‌లోంచి తీసిన మందే ముప్పై ఒక్కమంది పిల్లలకి వేశాం.

మంగళవారం పొద్దున వేడి కాస్త దిగి తొమ్మిదిన్నరకి వచ్చింది. అప్పుడు అరిచింది కంప్యూటర్. అప్పుడు లేచి చూశాం.

పిల్లలకి ప్రమాదమేమీ లేదట. మందుకి పని చేసే గుణం పోయిందంతే. అందరికీ మళ్లీ సూది వేయాలి. నిన్న వరండా నిండా తల్లులు. ఒకావిడ నన్నే అడిగింది, “నిన్న పొడిచింది ఉత్తుత్తిగానా?” అని. తలెత్తలేకపోయాను.

పెద్దాఫీసు నుంచి డాక్టరమ్మ వచ్చింది. అంకెలు చూసి తాళాలాయన్ని పిలిచింది. “పన్నెండు కొట్టినప్పుడు ఇది అరవలేదా?” అంది. “లేదమ్మా, బాగుందంది” అన్నాడు. “తొమ్మిదిన్నరకి అరిచింది పన్నెండుకి అరవదా? సౌండు తగ్గించి, తాళం వేసి వెళ్లిపోయి ఉంటావు” అంది. ఆయన నావైపు ఒకసారి చూసి, నడుముకున్న తాళాల గుత్తి విప్పి బల్ల మీద పెట్టాడు. విచారణ అయ్యేదాకా సస్పెన్షన్. రిటైరవడానికి ఇంకా ఏడు నెలలే ఉంది.

ఆ గుత్తి ఇంకా నా బల్ల మీదే ఉంది. ఏ తాళం దేనిదో నాకు తెలియదు.

నీ ప్రోగ్రాం మీద ఎవరూ ఏమీ అనలేదులే, బెంగపడకు.

అక్క


నా గది
ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం అందింది. చాలా బాధేసింది. నీ ఒంట్లో ఎలా ఉంది? వేళకి తింటున్నావా?

దీంతో ఇంకో పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. ప్రోగ్రాం కాస్త మార్చాను. ఏం లేదు, రంగులు ముదురుగా పెట్టాను, అక్షరాలు పెద్దవి చేశాను, దూరం నుంచి కూడా కనపడాలని. పాతది తీసేసి ఇదే పెట్టు. ఇవాళే పెట్టు, మర్చిపోకు.

షాపులో పని ఎక్కువగా ఉంది. మళ్లీ రాస్తాను.

పిట్ట

తాళాలాయన మీద విచారణ ఎప్పుడు?


మందుల స్టోరు
శుక్రవారం

పిట్టా,

నువ్వు పంపింది పెట్టాను. తాళాలాయన బదులు వచ్చినావిడ మొదటిరోజు నాలుగు కొట్టింది, ఐదు కొట్టింది, బాగానే ఉంది. నిన్న థర్మామీటరులో నాలుగున్నర ఉంటే నాలుగు చుక్క ఐదు అని కొట్టింది. అంతే, తెర నిండా ఎర్ర అక్షరాలు కక్కి ఆగిపోయింది. ఎన్నిసార్లు తెరిచినా చుక్క పెట్టగానే అదే వరస.

పాతది నాలుగున్నరని హాయిగా మింగేది. పన్నెండున్నరనీ మింగింది కదా.

నేను కంప్యూటర్ చదువుకోలేదు. కానీ నిన్ను ఎత్తుకు పెంచాను. ఆర్నెల్లకోసారి గుర్తొస్తే తప్ప నా తిండి గురించి అడగని దానివి, మొన్నటి ఉత్తరంలో మొదటి ముక్కే అది. రంగు మారిస్తే చుక్క ఎందుకు గొంతుకి అడ్డం పడుతుంది? నువ్వు మార్చింది రంగు కాదు. ఏం మార్చావు?

విచారణ ఇంకా పది రోజులకి, సోమవారం. నిన్న బజార్లో తాళాలాయన ఎదురుపడ్డాడు. సందులోకి తిరిగిపోయాడు. వాళ్ల వీధిలో అందరూ పిల్లల్ని మా దగ్గరకే తెస్తారు.

వెంటనే జవాబు రాయి.

అక్క


నా గది
ఉత్తరం అందిన రోజే

అక్కా,

చించి మళ్లీ మొదలుపెట్టాను, ఇది నాలుగోది. తిన్నగా రాసేస్తాను.

ఆ ప్రోగ్రాం పన్నెండుని బాగుందనే అంటుంది. తాళాలాయన చెప్పింది అక్షరాలా నిజం. ఆయన కొట్టాడు, అది పచ్చగా వెలిగింది. తప్పు నాది.

పైథాన్‌లో మనం కీబోర్డు మీద ఏం కొట్టినా అది అక్షరాలుగానే తీసుకుంటుంది. నువ్వు పన్నెండు కొడితే దానికి అది పన్నెండు కాదు, పక్కపక్కన ఒకటి, రెండు అనే రెండు గుర్తులు, పేరులో అక్షరాల్లాగా. దాన్ని అంకెగా మార్చమని మనమే విడిగా చెప్పాలి. చెప్పకుండా అంకెతో పోల్చమన్నందుకే ఆరోజు అది ఎర్రగా మొత్తుకుంది. నిజానికి నాకు సాయం చేయబోయింది. నేనేం చేశాను? అటు ఎనిమిదికి కూడా కొటేషన్లు తగిలించి దాన్నీ అక్షరం చేసేశాను. ఇక రెండూ అక్షరాలే. నిఘంటువులో మాటలు వరసపెట్టినట్టు మొదటి గుర్తునే ముందు చూసింది. పన్నెండులో మొదటిది ఒకటి. ఎనిమిది కన్నా ఒకటి ముందొస్తుంది. కాబట్టి పన్నెండు చిన్నది, కాబట్టి బాగుంది. తొమ్మిదిన్నరలో మొదటిది తొమ్మిది, అందుకే దానికి అరిచింది. నేను పరీక్షించినవన్నీ ఒంటి అంకెలే. పది కొట్టి చూడాలని తోచలేదు.

పాత పెన్‌డ్రైవ్ ఉంటే దాంట్లో పన్నెండు కొట్టి చూడు.

ఇంతే అయితే తెలియక చేశాననుకోవచ్చు. ఇంతే కాదక్కా.

నీకు అది పంపిన తరవాతి వారమే క్లాసులో ఈ పాఠం వచ్చింది. మాస్టారు ఐదు కొట్టి, మళ్లీ ఐదు కొట్టి, కూడమన్నారు. యాభై ఐదు వచ్చింది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. “కొట్టింది అంకె కాదు, అక్షరం. ఇంట్ అని రాసి పూర్ణసంఖ్యగా మార్చుకోండి, చుక్క ఉంటే ఫ్లోట్ అని రాయండి. మార్చకుండా పోలిస్తే కొంప మునుగుతుంది” అన్నారాయన. నవ్వు మధ్యలో ఆగిపోయింది నాకు. నా కొటేషన్లు కళ్ల ముందు కనపడ్డాయి. అప్పటికి ఫ్రిజ్ బాగానే ఉంది. ఇంకా నెల టైముంది. నీకు ఒక్క ముక్క రాస్తే సరిపోయేది.

రాయలేదు. నువ్వు నన్ను ఇంజనీరన్న ఉత్తరం అప్పుడే వచ్చింది. దాన్ని షాపులో అందరికీ చదివి వినిపించాను. ఫ్రిజ్ పది దాకా ఎందుకు పోతుందిలే, ఈసారి వచ్చినప్పుడు గుట్టుగా సరిచేద్దాం అనుకున్నాను.

ఆ తరవాత నీ బుధవారం ఉత్తరం వచ్చింది. అప్పుడైనా నోరు విప్పానా? రంగులని అబద్ధం రాసి, ఇంట్ పెట్టి పంపాను. ఆ కంగారులో ఫ్లోట్ పెట్టాలని కూడా చూసుకోలేదు. ఇంట్ చుక్కని చదవలేదు. అందుకే నాలుగున్నర దగ్గర చచ్చింది.

ముప్పై ఒక్కమంది పిల్లలు రెండోసారి ఏడ్చారు. ఒక పెద్దమనిషి సందుల్లో తప్పుకు తిరుగుతున్నాడు. నేను ఇక్కడ కూర్చుని నీ తిండి గురించి అడిగాను.

ఈ ఉత్తరం డాక్టరమ్మకి ఇచ్చెయ్యి. లేదా నన్ను రమ్మను.

పిట్ట


ఇంటి దగ్గర
గురువారం

పిట్టా,

పాతది తీసి పన్నెండు కొట్టాను. బాగుందంది. పదకొండూ బాగుందంది. కసి పుట్టి వంద కొట్టాను. నీళ్లు మరిగే వేడి కూడా బాగుందంది, పచ్చగా వెలిగి మరీ.

ఆ తరవాత చాలాసేపు నీ మీద మండిపడ్డాను. ఎదురుగా ఉంటే చెయ్యి చేసుకునేదాన్నేమో. ఎర్ర అక్షరాలు వస్తే అర్థం చేసుకోవాలి గానీ నోరు మూయిస్తారా? తెలిశాక నెలరోజులు ఎలా కూర్చున్నావే? అని రెండు పేజీలు రాశాను నీకు. అవి ఇందులో పెట్టలేదు. పెట్టే ముఖం నాకు లేదు కనక.

నేను కూడా నీకు ఒకటి చెప్పలేదు.

ఆ టీకాల సోమవారం పొద్దున, పిల్లలు ఇంకా రాకముందు, తాళాలాయన నా దగ్గరకి వచ్చాడు. “అమ్మా, ఫ్రిజ్ కాస్త వెచ్చగా తగులుతోంది చేతికి” అన్నాడు. నేను సిరంజీలు లెక్కపెడుతున్నాను. తలెత్తకుండానే, “కంప్యూటరేమంది?” అన్నాను. “బాగుందనే అంది గానీ...” అన్నాడు. “మరింకేం?” అన్నాను.

ఆయన ఆ ‘గానీ’ తరవాత ఏం చెప్పబోయాడో ఇప్పటికీ నాకు తెలియదు. నాలుగడుగులు వేసి ఆ థర్మామీటరు చూసి ఉంటే ఒక్క పిల్లకీ ఆ సూది పడేది కాదు. తరవాత డాక్టరమ్మ ఆయన్ని నిలదీస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన నావైపు చూశాడని రాశాను కదా. ఎందుకు చూశాడో రాయలేదు. నేను కిటికీ వైపు చూశాను.

కాబట్టి నీ ఉత్తరం ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోను. నాదీ రాశాను. సోమవారం పెద్దాఫీసుకి వెళ్లి రెండూ ఇస్తాను. విచారణ మంగళవారానికి మా కేంద్రంలోనే పెట్టమని అడుగుతాను. నువ్వు సోమవారానికి వచ్చెయ్యి. తాళంచెవి పక్కింట్లో ఉంటుంది. నేను వచ్చేలోపు నువ్వు ఒక్కదానివే తాళాలాయన ఇంటికి వెళ్లాలి. నన్ను పక్కన పెట్టుకుని వెళ్లకు.

అక్క


నీ ఇల్లు, వంటగది బల్ల
సోమవారం సాయంత్రం

అక్కా,

నువ్వు వచ్చేసరికి నేను నిద్రపోతే, లేపకుండా ముందు ఇది చదువు. నోటితో చెప్పడం మొదలుపెడితే ఏడుస్తాను.

వెళ్లాను. వరండాలో కూర్చుని పాత తాళం ఒకటి బాగుచేస్తున్నాడు. నేనెవరో చెప్పగానే లేచి కుర్చీ వేశాడు, అదే కష్టంగా అనిపించింది. వాళ్లావిడ మంచినీళ్లు తెచ్చి పెట్టి, నావైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

మొత్తం చెప్పాను. నెల ముందే తెలుసన్న సంగతి కూడా. ఏం తప్పో చూపించమన్నాడు. కాగితం మీద పన్నెండు రాసి, ఎనిమిది రాసి, ఎలా పోలుస్తుందో చూపించాను. కాగితం దగ్గరకి లాక్కుని ఆ ఒకటి మీద వేలు పెట్టాడు.

“అంటే నేను పన్నెండు కొడితే, అది ముందున్న ఒకటి మాత్రం చూసి తలూపిందన్నమాట.”

“అవునండి.”

“నాకు పన్నెండు ఎక్కువని తెలుసమ్మా. ఇరవై రెండేళ్లు ఎనిమిదే హద్దని చూసి రాసినవాణ్ని. కొత్త మందులకి కొత్త లెక్కేమో, చదువుకున్న పిల్ల తెలియకుండా పెడుతుందా అనుకున్నాను.”

నేను తల దించుకున్నాను. మీరు మా అక్కతో చెప్పారటగా, ఆ మాట డాక్టరమ్మతో ఎందుకు అనలేదని అడిగాను.

“ఆవిడే చెబుతుందని ఆగాను” అన్నాడు.

అక్కా, ఇంకొకటి. ఆ ముప్పై ఒక్కమందిలో వాళ్ల కూతురి పాప ఉంది. ఆ రోజు తనే ఒళ్లో కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకున్నాడట. ఇప్పుడు కూతురు పాపని ఇక్కడికి తేవడం లేదు. “తెలిసి తెలిసి నా మనవరాలికి వేయిస్తానా అని అడగాలనిపించింది. ఎవరినడుగుతాను?” అన్నాడు.

క్షమించమన్నాను. ఆయన తాళంలో నూనె చుక్క వేసి తిప్పి చూసి, “ఆ మాట ఇక్కడ నా ఒక్కడికీ వద్దు. విచారణ రేపటికి మార్చారట, అక్కడ అందరి ముందూ అనండి” అన్నాడు. నాలాంటి దాన్ని పట్టుకుని ‘అనండి’ అన్నాడు.

పిట్ట


చీటీల బల్ల, ఆరోగ్య కేంద్రం
పదిహేను రోజుల తరవాత

పిట్టా,

గది చేరానని నువ్వు రాసిన కార్డు అందింది.

ఆ మంగళవారం విచారణ గురించి మనం మాట్లాడుకోనేలేదు. నువ్వు బోర్డు మీద పన్నెండు, ఎనిమిది రాసి, నెల ముందే తెలుసని కూడా చెప్పావు చూడు, అంతమంది ముందు, అది చూశాకే నాకు లేచి నిలబడే ధైర్యం వచ్చింది. లేకపోతే కాగితం ఇచ్చాను కదా, చాలదా అని కూర్చునేదాన్నే.

నాకు మెమో వచ్చింది. స్టోరు బాధ్యత తీసేసి చీటీలు రాసే బల్ల దగ్గర వేశారు. అది సబబే. ఫ్రిజ్ దగ్గర కాగితం రిజిస్టరు మళ్లీ పెట్టారు. నువ్వు ఫ్లోట్ పెట్టి సరిచేసిన ప్రోగ్రాం దాని పక్కనే ఉంది. తాళాలాయన రెండింట్లోనూ రాస్తాడు. ముందు కాగితంలో.

మర్నాటి నుంచే డ్యూటీకి రమ్మని డాక్టరమ్మ అన్నప్పుడు ఆయన అడిగింది గుర్తుందిగా. “వస్తానమ్మా. మరి ఆ ముప్పై ఒక్క ఇళ్లకీ ఎవరు చెబుతారు?” నేను చెబుతాననే లోపు నువ్వు అనేశావు.

నీ సెలవు నాలుగు రోజుల్లో పంతొమ్మిది ఇళ్లు తిరిగాం. నువ్వెళ్లాక నేనొక్కదాన్నే సాయంత్రాలు వెళ్తున్నాను. మాటలు అవే. “మొన్న టీకా పాడైంది మా అక్కచెల్లెళ్ల వల్ల. తాళాలాయన తప్పేమీ లేదు. ఆయన ముందే చెప్పాడు, నేను వినలేదు.” కొందరు లోపలికి పిలుస్తున్నారు. ఒకాయన తలుపు ముఖాన వేశాడు. ఒక ముసలావిడ అంతా విని, “ఈ మాట చెప్పడానికి ఇంత దూరం నడిచొచ్చావా?” అంది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో తెలియక మెట్ల మీదే కాసేపు నిలబడిపోయాను.

తాళాలాయన నాతో పని మాటలు తప్ప మాట్లాడడం లేదు. ఎన్ని ఇళ్లయ్యాయని అడగడు, నేనూ చెప్పను.

ఇంకా మూడు ఇళ్లున్నాయి. ఒకటి ఆయన కూతురిది. నిన్న ఆ వీధి మొగదాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చాను. ఇవాళ మిగతా రెండూ వదిలేసి ముందు అక్కడికే వెళ్తున్నాను.

అక్క